బరువు దారిన పరుగెత్తిన ఎముక

దిగుడుకు ఇంకా 96 రోజులు

ఇది నీడల గది పుస్తకం. ఎవరి నీడ ఎప్పుడు తీశామో, అందులో ఏం కనబడిందో రాయడానికి ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళుగా ఇందులో నేను రాస్తున్నవి రెండే మాటలు: "చదివాను, సరే." నిజానికి చదివేది నేను కాదు, పెద్దకన్ను. అది యంత్రం. మనిషి ఎముకల్నీ ఊపిరితిత్తుల్నీ నీడగా పట్టి, నేను కళ్ళజోడు తుడుచుకునేలోపు రోగమేమిటో తేల్చేస్తుంది. దాని కింద నా సంతకం ఉండాలని ఊరి సభ నియమం. నా పేరు ఆదెమ్మ, వయసు అరవై ఒకటి. పెద్దకన్ను రాకముందు ఈ ఊళ్ళో నీడలు చదివింది నేనే.

ఇవాళ రెండు మాటలతో సరిపెట్టలేను.

పొద్దున్నే వచ్చి బల్ల తుడిచి, రాతి పట్టీలు లెక్కపెట్టాను. మా ఊరు ఆకాశంలో గిర్రున తిరిగే పెద్ద చక్రం, దాని లోపలి అంచు మీద మా ఇళ్ళు. ఇక్కడ ఒళ్ళు తేలిక. నడుముకు పట్టీ కట్టకపోతే, నీడ తీసేటప్పుడు గట్టిగా దగ్గిన మనిషి బల్ల మీంచి జానెడు లేస్తాడు. ఎనిమిది పట్టీలుండాలి, ఆరే ఉన్నాయి. ఏడాది పైనుంచీ ఆరే. రాళ్ళు ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటారో ఆ దొంగకే తెలియాలి.

ఇవాళ దిగుడు పరీక్ష. మా ఊరు ఏ నేల చుట్టూ తిరుగుతోందో దాన్ని మేం 'కింద' అంటాం. అక్కడ ఏరు పారుతోందని యంత్రాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి గానీ, అందులో చెయ్యి ముంచిన మనిషి లేడు. నలభై ఏళ్ళ కిందట ఇద్దరు దిగారు. అక్కడ బరువు మా బరువుకు రెండింతల పైమాటే. మొదటి రోజే వాళ్ళ కాళ్ళు అప్పడాల్లా విరిగాయి, మోసుకుని పైకి తెచ్చారు. అప్పటినుంచీ ఎముక మందం చాలినవాళ్ళే దిగాలని నియమం పెట్టారు. కిందికి దిగే పడవకు దారి ఐదేళ్ళకోసారి కుదురుతుంది, ఐదేళ్ళకోసారి పరీక్ష పెడతాం, ఎవరూ నెగ్గరు. అదో తిరునాళ్ళలా అలవాటైపోయింది.

ఇవాళ ఒకరు నెగ్గారు. పాడెలు మోసే మోత సంఘానికి పెద్ద ఎర్నమ్మ, ఆమె కూతురు నూకరత్నం, ఇరవై మూడేళ్ళ పిల్ల. "ఎముక మందం చాలును" అని పెద్దకన్ను రాయడం నేను మొట్టమొదటిసారి చూశాను. కింద గబగబా సంతకం పెట్టేశాను. బయట కేకలు మొదలయ్యాయి. ఎవరో నా నోట్లో బెల్లంముక్క పెట్టారు. ఆ పిల్ల చోడి అంబలి, అదే రాగి జావ, తాగి అంత గట్టిపడిందని ఎవరో అన్నారట, మధ్యాహ్నానికల్లా సరుకుల కొట్టులో చోళ్ళు గింజ లేకుండా అయిపోయాయి.

సాయంత్రం కాగితాలు సర్దుతుంటే, నా సంతకానికి పైన ఇంకో వరస కనబడింది. "ఎడమ కాలు, మోకాలికీ మడమకీ నడుమ, పెద్దెముక మీద గడ్డ. కేన్సర్ అయ్యే అవకాశం నూటికి తొంభై నాలుగు."

చదవకుండా సంతకం పెట్టాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, కనబడిన చోటల్లా సంతకం పెట్టడం నాకు అలవాటైపోయింది. నోట్లో ఇంకా బెల్లం తీపి ఉంది. సిగ్గేసింది.

దిగుడుకు ఇంకా 95 రోజులు

డాక్టర్ పాత్రో కాగితం రెండుసార్లు చదివాడు. మంచివాడు, చెయ్యి తిరిగిన సర్జను, కానీ పెద్దకన్ను మాటకు ఎదురాడినవాడు కాదు.

"మోకాలి పైన తీసెయ్యాలి ఆదెమ్మగారూ. పది రోజులకు మించి ఆగితే ఊపిరితిత్తులకు పాకుతుంది. దిగుడు మాట ఇక మరిచిపోవాలి."

నూకరత్నం బల్ల మీద కూర్చుని తన కాలిని తనే చూసుకుంటోంది. ఏడవలేదు. దగ్గరికి వెళ్ళి అడిగాను.

"నొప్పి ఎప్పుడొత్తాది గుంటా?"

"నడిత్తే."

"పడుకుంటేనో?"

"తగ్గిపోతాది ఆదెప్పా."

"ఎక్కడైనా పడ్డావా? దెబ్బేటైనా తగిలినాదా?"

గోడవైపు తిరిగి, "నేదు," అంది. అబద్ధం చెప్పే పేషెంటును నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. మెడ ముందు తిరుగుతుంది, మాట తర్వాత వస్తుంది.

ఎర్నమ్మకు కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆమె ఇల్లు ఆసుపత్రికి నాలుగిళ్ళ వెనక. అంటే ఊరంతా చుట్టి వెళ్ళాలి. చక్రం తిరిగే వైపుకు నడిస్తే ఒళ్ళు బరువెక్కుతుంది, ఎదురు నడిస్తే తేలికవుతుంది. అందుకని తాతలనాటినుంచీ అందరం తేలిక దారినే నడుస్తాం. బరువు దారి చచ్చినవాళ్ళది. పాడె మోసేవాళ్ళు ఊరి చుట్టూ ఒక్క చుట్టు ఆ దారిన తిరుగుతారు, పోయిన మనిషి బరువు భుజాలకు తెలియాలని. బతికున్నవాళ్ళు ఆ దారిన నడిస్తే ఇంట్లో పీనుగ లేస్తుందంటారు. మరీ బద్ధకస్తులు వెనకింటికి వెళ్ళాలంటే మొహం తేలిక దారివైపే పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తారు. నాకు మోకాళ్ళ నొప్పులు, వెనక్కి నడవలేను. కిలోమీటరు పైచిలుకు చుట్టి వెళ్ళాను.

ఎర్నమ్మ టీ పోస్తూ విన్నది. ఇక్కడ టీ పైనుంచి పోస్తే ధార వేలెడు పక్కన పడుతుంది, గ్లాసు ఆ లెక్కన పట్టుకోవాలి. ఎర్నమ్మ చెయ్యి ఎప్పుడూ తప్పదు. ఇవాళ టీ అంతా బల్ల మీద పోసింది.

"పొద్దున్న గట్టి ఎముకన్నారు, సాయంత్రానికి రోగపు ఎముకన్నారు. ఒకే కాలికి రెండు మాటలేటి ఆదెమ్మా? రెంటి కిందా నీ సంతకమే ఉన్నాది."

గుడ్డ తీసి బల్ల తుడిచాను. మొగుడు పోయి ఇంకా ఏడాది తిరగని మనిషి. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు.

దిగుడుకు ఇంకా 92 రోజులు

గోరుచుట్టు మీద రోకటి పోటు. పాత్రో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పెట్టాడు. దాన్ని చదివిందీ పెద్దకన్నే. "కణాలు అతి చురుకుగా పెరుగుతున్నాయి. గడ్డ అన్న మాట ఖాయం."

అయినా ఎర్నమ్మ మాట నన్ను వదల్లేదు. ఒకే కాలికి రెండు మాటలేమిటి? పంతొమ్మిదేళ్ళ తర్వాత నీడను గోడ మీద పెద్దదిగా వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. జబ్బున్న చోటును చివర చూడాలి. ముందు బాగున్న చోట్లు చూడాలి. నాకు పని నేర్పిన మేస్త్రి ముందు నేర్పింది అదే. కుడికాలు చూశాను. తొడ చూశాను. నడుం చూశాను. ఎక్కడ చూసినా ఎముక గోడ మందం, దిట్టం. ఈ ఊళ్ళో యాభై వేల నీడలు నా చేతిమీదుగా పోయాయి, ఇలాంటి ఎముక ఒక్కటి లేదు. అంబలితో వచ్చే మందం కాదిది. ఎముక ఊరికే మందమెక్కదు, మోసిన బరువుకే ఎక్కుతుంది.

ఇలాంటి ఎముకలు ఇంకెక్కడో చూశాను. ఎక్కడో గుర్తొచ్చేసరికి లేచి నిలబడ్డాను.

నా మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. భూమి మీద తీసిన పాత ఫిల్ములు రెండు వందల పన్నెండు. ఈ చక్రానికి వెల్డింగు చేసిన మా ముత్తాతలతోపాటు ఎవరో డాక్టరు మోసుకొచ్చాడు. ఒక్కొక్కటీ దీపానికి అడ్డంపెట్టి చూశాను. ఎనభై ఎనిమిదోది చూసి ఆగిపోయాను. ఎడమ కాలు, అదే చోటు, అదే ఉబ్బు. అంచున చేత్తో రాసి ఉంది: "పోలీసు ట్రైనింగ్ కుర్రాడు, 19 ఏళ్ళు. ఆరు వారాలుగా పరుగు. అలసట పగులు. గడ్డ కాదు."

అలవాటు లేని బరువు రోజూ పడితే ఎముక సన్నగా చిట్లుతుంది. చిట్లిన చోట కొత్త ఎముక పోసుకుంటుంది. ఆ కొత్త పోత గడ్డలా కనబడుతుంది, అందులో కణాలూ చురుకుగానే పెరుగుతాయి. మాకు పని నేర్పినప్పుడు ఇది చెప్పారు. ఈ తేలిక ఊళ్ళో అవసరం పడక నేను మరిచిపోయాను.

మరి పెద్దకన్నుకు ఎందుకు తెలియదు? ఇది రాయడానికి మనసొప్పడం లేదు గానీ రాస్తాను. పెద్దకన్నుకు చదువు చెప్పింది నేనే. పంతొమ్మిదేళ్ళ కిందట ఊరి నీడలన్నీ దానికి చూపించి, ఇది జబ్బు, ఇది కాదు అని ఒక్కొక్కటే నేర్పాను. ఈ రెండు వందల పన్నెండూ చూపించబోతే, భూమి ఎముకలు మనకెందుకు, దాని బుర్ర పాడవుతుందని సభలో అన్నారు. నేనూ తలూపాను. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు పెట్టె మంచం కిందికి తోసేశాను. దానికి తెలియని జబ్బు కనబడితే తెలిసిన జబ్బు పేరే పెడుతుంది. తప్పు దానిది కాదు.

దిగుడుకు ఇంకా 91 రోజులు

ఇవాళ నూకరత్నాన్ని ఒక్కదాన్నే పిలిచాను. తలుపు వేసి, ఎనభై ఎనిమిదో ఫిల్మును ఆమె చేతిలో పెట్టాను.

"నా రాతి పట్టీలు రెండూ ఎక్కడెట్టినావు?"

పిల్ల మొహం పాలిపోయింది. ఫిల్మును బల్ల మీద బోర్లా పెట్టింది.

"అడుగుదారిలో. నీళ్ళగొట్టాల ఎనకాల."

ఊరి నేల కింద గొట్టాలు బాగుచేసేవాళ్ళ కోసం ఒక సన్నని దారి ఉంది. మధ్యాహ్నం ఊరంతా అన్నాలకు కూర్చునే గంటలో అక్కడ పురుగు కూడా ఉండదు. పధ్నాలుగు నెలలుగా ఆ గంటలో ఈ పిల్ల నడుముకు రెండు రాతి పట్టీలు బిగించుకుని పరుగెత్తుతోంది. బరువు దారిన. రోజుకు పన్నెండు చుట్లు.

"బరువు దారిన పరిగెడితే ఒళ్ళు ఒకటిన్నర రెట్లవుద్దని లెక్కేసినాను ఆదెప్పా. అలగైతేనే ఎముక గట్టిపడతాదని. రెండు నెల్లనుంచి కాలు పీకుతున్నాది. ఆపితే పరీచ్చ తప్పుతానని ఆపనేదు."

"మరి ముందే సెప్పొచ్చు కదే. కాలు తీసేత్తామంటుంటే నోరు మెదపవేటి?"

అప్పుడు ఏడ్చింది. నేను పరుగు మొదలెట్టిన ఐదో నెలలోనే నాన్న పోయాడు అంది. చచ్చినవాళ్ళ దారిన నేను పరిగెత్తబట్టే మా ఇంట్లో పీనుగ లేచింది, నాన్న గుండె నేనే ఆపేశాను, ఈ కాలు దానికి శిక్ష, తీసెయ్యనీ అంది. తొమ్మిది నెలలుగా ఈ మాట ఒక్కర్తీ మోస్తోంది. రాతి పట్టీలకంటే అదే బరువైనట్టుంది.

నాకు కోపమొచ్చింది. పిల్ల మీద కాదు, మా తాతల మీద. లేచి అరలోంచి ఆమె తండ్రి గుండె నీడ తీసి గోడ మీద వేశాను.

"సూడు. ఇది ఏ తేదీది? నువ్వు పరుగు మొదలెట్టకముందు నాలుగేళ్ళది. ఈ నరం సూడు, ఇక్కడ సన్నబడిపోయినాది. ఇది మూసుకుపోతాదని అప్పుడే మీ నాన్నకి సెప్పినాను. నీకూ మీ అమ్మకీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు. ఆడి గుండె నీ కాళ్ళు ఆపనేదు గుంటా."

నూకరత్నం గోడ దగ్గరికి వెళ్ళి ఆ నరం మీద వేలు పెట్టింది. సన్నబడిన చోటిదాకా ఆ వేలు జరిపింది. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకుని, "అమ్మకి నానే సెప్తాను, కాసింత టయిమియ్యి," అంది.

దిగుడుకు ఇంకా 90 రోజులు

పాత్రో దగ్గరికి వెళ్ళాను. కారణం చెప్పలేదు, పిల్లకు మాటిచ్చాను. ఇది పగులు, గడ్డ కాదు, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఈ ఊళ్ళో ఎముక అలిసిపోయి చిట్లడమా? అంత బరువెక్కడిది ఆదెమ్మగారూ? మీరు పొరబడి, నేను ఆగి, ఆ పిల్ల చచ్చిపోతే ఎవరిది పూచీ?"

ఆయన భయం అబద్ధం కాదు. నాకూ ఆ భయం ఉంది. చివరికి ఒక మాట మీద కుదిరాం. దిగుడుకు ఎనభై ఐదు రోజులుండగా ఆపరేషన్. ముందురోజు మళ్ళీ నీడ తియ్యాలి. గడ్డ పెరిగి ఉంటే నేను నోరు మూసుకోవాలి.

సరేనన్నాను. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే వెలిగింది. అతుక్కునే ఎముక కూడా పెరుగుతుంది కదా. ఆ పోత ఈ వారంలో తప్పకుండా ఇంకా లావెక్కుతుంది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. కలిపిన అన్నం మీద మూత పెట్టేశాను.

దిగుడుకు ఇంకా 86 రోజులు

అనుకున్నట్టే అయింది. నీడలో ఉబ్బు పెరిగింది. పెద్దకన్ను "నూటికి తొంభై ఏడు" అంది. పాత్రో కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్న. క్షమించండి."

గదిలో నలుగురం ఉన్నాం. పాత్రో, నేను, బల్ల మీద నూకరత్నం, గోడ వారగా ఎర్నమ్మ. ఎర్నమ్మ చేతిలో ఒప్పుదల కాగితం, దాని మీద ఇంకా వేలిముద్ర పడలేదు.

"డాక్టరుగారూ, ఒక్కపాలి. ఈ పెద్దకన్ను సదువు ఆపేత్తాను. ఉట్టి కెమేరాలాగ వాడతాను. పది నిమిషాలియ్యండి," అన్నాను.

పెద్దకన్ను ఎప్పుడూ ఎదురుగా ఒకటి, పక్కగా ఒకటి తీస్తుంది. యాభై వేలసార్లు అంతే. ఎముకలో వెంట్రుకంత చీలిక ఉంటే అది ఆ రెండు చూపులకూ దొరకాలని లేదు. తలుపు సందులోంచి చూడాలంటే సందుకు తిన్నగా నిలబడాలి. చదివే మీట ఆపేశాను. నూకరత్నం కాలిని నా రెండు చేతుల్తో పట్టుకుని, లోపలికి కొంచెం తిప్పి, కింద బట్ట మడిచిపెట్టాను. తీశాను. ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పాను. లేదు. పాత్రో గడియారం చూశాడు. మూడోసారి మడమను బయటికి వంచి, ఎముక మధ్యలోని ఒకే ఒక సన్నపొర మీద వెలుగు నిలిపాను.

కనబడింది. ఎముక ముందుగోడలోంచి సగానికి వచ్చి ఆగిపోయిన నల్లటి గీత. దాని చుట్టూ కొత్త ఎముక బయటినుంచి లోపలికి గట్టిపడుతూ వస్తోంది. గడ్డయితే నడుమ గట్టిగా, అంచుల్లో వదులుగా ఉంటుంది. ఇది తిరగేసి ఉంది. పక్కన ఎనభై ఎనిమిదో ఫిల్మును దీపానికి ఆనించి పట్టుకున్నాను. రెండూ ఒకటే. నూటయాభై ఏళ్ళ నాటి పోలీసు కుర్రాడి కాలూ, ఈ పిల్ల కాలూ.

నా గుండె డప్పులా కొట్టుకుంది. ఇరవై ఏళ్ళ పిల్లగా మొదటి నీడ సరిగ్గా చదివిననాడు ఇలా కొట్టుకుంది. ఆ తర్వాత ఇదే.

పాత్రో దగ్గరికొచ్చి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఒకసారి ఇది, ఒకసారి అది చూశాడు.

"ఇది పగులే," అన్నాడు నెమ్మదిగా. "కానీ ఆదెమ్మగారూ, కారణం లేకుండా నేను కత్తి పక్కన పెట్టలేను. ఇంత బరువు ఈ కాలి మీద ఎలా పడింది?"

నేను నూకరత్నం వైపు చూశాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది.

"బరువు దారిన పరిగెత్తినానమ్మా. అడుగుదారిలో. పధ్నాలుగు నెల్లు."

ఎర్నమ్మ మోత సంఘానికి పెద్ద. ఊళ్ళో ఎవరు పోయినా పాడెకు ముందు భుజం ఆమెది. బరువు దారిన ఒక్క అడుగు తప్పుగా వేసిన పిల్లల్ని చెవి మెలిపెట్టి ఇంటికి పంపే మనిషి. ఆమె ఏమంటుందోనని ముగ్గురం ఆమెవైపే చూశాం.

"రోజుకెన్ని సుట్లు?" అంది.

"పన్నెండు."

"ఒక్క సుట్టుకే మా మోతగాళ్ళకి ఆయాసమొత్తాది. పన్నెండా?"

"నాన్న..." అని నూకరత్నం నా వైపు చూసింది. గుండె నీడ సంగతి, తండ్రి వేయించుకున్న ఒట్టు సంగతి మిగతాది నేనే చెప్పాను. ఎర్నమ్మ తలొంచుకుని విన్నది. ఆ మొండి మనిషి తన దగ్గరా దాచాడని అప్పుడే తెలిసింది ఆమెకు. ఒప్పుదల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. కూతురి తల మీద చెయ్యి పెట్టి, "కాలు కింద మోపకు, నాను అంబలి తెత్తాను," అని బయటికి నడిచింది.

గుమ్మం దగ్గర ఆగింది. తేలిక దారి ఎడమకు. ఎర్నమ్మ కుడికి తిరిగింది. పట్టపగలు, దారి నిండా జనం. పాడె లేదు, డప్పు లేదు. తల ఎత్తుకుని బరువు దారిన నాలుగిళ్ళు నడిచి తన ఇంట్లోకి వెళ్ళింది. కూరల బుట్ట పట్టుకున్న ఒకామె గోడకు అతుక్కుని దారిచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ ఏడ్చేశాను, దాచుకోలేదు.

దిగుడుకు ఇంకా 61 రోజులు

ఇరవై ఐదు రోజులు నూకరత్నం కాలు కింద మోపలేదు. ఈ రోజుల్లో నేను రెండు వందల పన్నెండు ఫిల్ములనూ పెద్దకన్నుకు నేర్పాను. సభకు వెళ్ళి, పంతొమ్మిదేళ్ళ కిందటి తప్పు నాది అని ముందే చెప్పేశాను, ఇక వాళ్ళకు తిట్టడానికి మిగల్లేదు. పాత్రో రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఫిల్ము చేతిలోకి తీసుకుని నా మొహం చూసేవాడు, బళ్ళో పిల్లాడిలాగ.

ఇవాళ నీడ తీశాం. ముందు నేను చదివాను, తర్వాత పెద్దకన్నును చదవమన్నాను. గీత పూడిపోయింది. కొత్త ఎముక దిట్టంగా ఉంది. పెద్దకన్ను రాసింది: "పగులు. బాగా అతుకుతోంది."

పాత్రో నా చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. "మన లెక్క కుదిరింది," అన్నాడు. లెక్క ఎవరిదో నాకు తెలుసు, అయినా బాగుంది.

దిగుడుకు ఇంకా 19 రోజులు

నడక, తర్వాత గునగున పరుగు, తర్వాత అసలు పరుగు. ఈసారి అడుగుదారిలో కాదు, ఊరి నడిదారిన, పాత్రో రాసిచ్చిన లెక్క ప్రకారం రోజు విడిచి రోజు. మొదటి రోజు జనం తలుపులేసుకున్నారు. వారం తిరిగేసరికి తలుపులు తీశారు. ఇవాళ మోత సంఘం ఆడవాళ్ళు పదిమంది చీరలు ఎగ్గట్టి దాని వెనకాల పరుగెత్తారు. అందరికంటే వెనక ఎర్నమ్మ, ఆయాసపడుతూ, ఎవర్నో తిడుతూ. ఎవరింట్లోనూ పీనుగ లేవలేదు. రేపు ఒళ్ళునొప్పులని ఆ పదిమందీ నా దగ్గరికే వస్తారు.

ఆఖరి నీడ తీశాం. మందం చాలును, పగులు లేదు. పైనుంచి కిందిదాకా వరసలన్నీ చదివి అప్పుడు సంతకం పెట్టాను.

దిగుడు రోజు

పొద్దున్నే నీడల గది తెరిచేసరికి బల్ల మీద రాతి పట్టీలు ఎనిమిదున్నాయి. రెండు కొత్తగా కడిగి ఉన్నాయి.

పడవరేవు దగ్గర ఊరంతా పోగైంది. నూకరత్నం నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పట్టుకుని లేపాను. "వొంగకు, నడుం జాగర్త. కిందికెళ్ళినాక అడుగు సిన్నదెయ్యి. నొప్పొత్తే ఆపు. ఈపాలి దాసినావంటే నానే వచ్చి కాలు విరగ్గొడతాను," అన్నాను. నవ్వింది. ఎర్నమ్మ ఒక మూట ఇచ్చింది. చోడి పిండట.

పడవ రేవు వదిలి వెళ్ళిపోయింది. ఎర్నమ్మ నా చెయ్యి వదల్లేదు. చీకటి కిటికీలో పడవ దీపం చుక్కంత అయ్యేదాకా ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

దిగిన రెండో రోజు

నిన్నంతా కబురు లేదు. దుమ్ము మబ్బులు అడ్డమొచ్చాయన్నారు. నలభై ఏళ్ళ కిందటి అప్పడాల మాట ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు గానీ, అందరి మొహాల్లోనూ అదే ఉంది. నేను పొరబడి ఉంటే? గీత నిజంగా పూడిందా, లేక పూడాలని కోరుకున్న కళ్ళతో చూశానా? దిగుడుకు అరవై ఒక్క రోజులప్పటి నీడ బయటికి తీసి మళ్ళీ చూశాను, నాలుగుసార్లు.

ఇవాళ మధ్యాహ్నం అన్నాల వేళకు కబురొచ్చింది. ముందు గొంతు, వెనకే వెంట తీసుకెళ్ళిన చిన్న నీడపలకతో తీసుకున్న రెండు కాళ్ళ నీడలు.

"ఆదెప్పా, నిలబడ్డాను. నిన్న పది అడుగులు, ఇయ్యాల వంద. ఏటికాడికెల్లి నీళ్ళలో సెయ్యెట్టినాను. సల్లగున్నాది. కాలు నొప్పి నేదు, ఒట్టు. నీడ పంపుతున్నాను, సదివి సెప్పు."

పెద్దకన్ను ముందే చదివేసింది. "ఎడమ కాలు: పాత పగులు, గట్టిగా అతికింది. కారణం: బరువు దారి పరుగు. కుడి కాలు: బాగుంది." కారణం అన్న గడిలో ఆ మాట రెండు నెలల కిందట నేనే చేర్చాను. అది ఎవరికో పడుతుందని తెలుసు గానీ, ఇలా కింద నేల మీంచి వచ్చిన నీడకు పడుతుందనుకోలేదు.

నేను తొందరపడలేదు. కుర్చీ లాక్కుని బాగున్న చోట్లు ముందు చూశాను. కుడికాలు, మడమలు, మోకాళ్ళు. చివర ఎడమకాలు. పగిలిన చోట ఎముక చుట్టుపక్కల ఎముక కంటే దిట్టంగా ఉంది. అరగంట పట్టింది. పాత్రో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తొందరపెట్టలేదు.

పుస్తకం తీసి రాశాను: "చదివాను, సరే."

ఈ నీడను ఫిల్ము మీదికి ఎక్కించి, అంచున పేరూ వయసూ రాసి, రేకు పెట్టెలో రెండు వందల పదమూడోదిగా పెట్టాను. పెట్టె ఇప్పుడు మంచం కింద లేదు, నీడల గదిలో బల్ల పక్కనే ఉంది. తర్వాత చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఎర్నమ్మ ఇల్లు నాలుగిళ్ళ వెనక. మోకాళ్ళు పీకాయి, ఒళ్ళు బరువెక్కింది, బరువు దారినే వెళ్ళి కబురు చెప్పాను.